పొదగని గుడ్డు పారెయ్యకండి, పగలగొట్టి చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని చూస్తే సగానికి పైగా ఒకటే గోల, గుడ్లు పెట్టాం పిల్లలు రాలేదు అని. కొందరు ఇంక్యుబేటర్ అమ్మినోణ్ణి తిడుతున్నారు, కొందరు పుంజుని తిడుతున్నారు, ఒకాయనైతే మరదలి దిష్టి తగిలిందని రాశాడు (ఆ ఉత్తరం వెయ్యట్లేదు, ఇంట్లో గొడవలెందుకు). అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నా, మాది కైకలూరు దగ్గర పల్లె. థర్మాకోల్ పెట్టెకి బల్బు, చిన్న ఫ్యాను, వేడిని బట్టి బల్బుని ఆర్పి వెలిగించే డబ్ల్యూ 1209 బోర్డు బిగించి నేనే ఇంక్యుబేటర్ చేసుకున్నా. ఆగస్టులో 40 నాటుకోడి గుడ్లు పెడితే 16 పిల్లలే వచ్చాయి. టెంపరేచర్ 37.5 దగ్గర కదల్లేదు. తేమ తగ్గకూడదని విని రెండు గిన్నెల నీళ్లు మొదటి రోజు నుంచీ నిండుగా ఉంచా. మిగతా 24 పారేశా, పారేసేటప్పుడు నాలుగైదు పగిలాయి, లోపల పెద్ద పిల్లలే ఉన్నాయి, తడితడిగా ఉబ్బినట్టు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: ఆ 24 పారెయ్యడమే తమ్ముడూ పెద్ద తప్పు, మిగతావి దాని తర్వాతే. పొదగని గుడ్డుని పగలగొడితే ఏ రోజున చచ్చిందో ఇంచుమించు అదే చెప్తుంది, ఏ రోజో తెలిస్తే ఎందుకో సగం తెలిసినట్టే. నేను చేసేది చెప్తా. 23వ రోజు గడిచాక మిగిలిన గుడ్లన్నీ పెరటి మెట్ల మీద పెట్టుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని (కంపు మామూలుగా ఉండదు, మా ఆవిడ ఆ పూట పెరటి తలుపు తియ్యదు), ఒక్కోదాన్నీ లావు వైపు చెంచాతో తట్టి పెంకు కొంచెం కొంచెంగా ఒలుస్తా. గాలి గది ఉండేది ఆ వైపే కాబట్టి అక్కణ్ణించి తెరిస్తే పిల్ల ఎలా పడుకుని ఉందో చెదరకుండా కనపడుతుంది. తల రెక్క కింద పెట్టుకుని ముక్కు గాలి గది వైపుకి ఉంటే సరిగ్గా తిరిగినట్టు, తల సన్నటి వైపు ఉంటే ఆ గుడ్డు నువ్వు తలకిందులుగా పెట్టి ఉంటావు.

పచ్చసొన మీద ఎర్రటి దారం ఉంగరంలా చుట్టుకుని ఉంటే అది రెండు నుంచి నాలుగో రోజు మధ్యలో పోయింది. నల్లటి కన్ను కనపడి ఒంటి మీద నూగు లేదంటే ఇంచుమించు అయిదో రోజుకీ పన్నెండో రోజుకీ మధ్యలో చచ్చింది, నూగు వచ్చి పచ్చసొన ఇంకా బయటే ఉంటే ఆ తర్వాత. ఇక ఏమీ లేకుండా మామూలు గుడ్డులానే ఉంటే పుంజు దాటని గుడ్డన్నా అయ్యుండాలి, ఒకటి రెండు రోజుల్లోనే పోయిందన్నా అయ్యుండాలి, 21 రోజులు వేడిలో ఉన్నాక ఆ రెంటికీ తేడా కనిపెట్టడం నాక్కూడా కష్టమే, అందుకే 7వ రోజు చీకట్లో సెల్ ఫోన్ టార్చ్ కొట్టి చూసి ఏమీ లేనివి తీసేసి అప్పుడే పగలగొట్టుకోవాలి. చావులు ఎక్కువగా రెండు చోట్ల ఉంటాయి. మొదటిది మూడో రోజు అటూ ఇటూ, గుండె కొట్టుకోడం మొదలై రక్తనాళాలు అల్లుకునే టైము. రెండోది ఆఖరి మూడు రోజులు, అప్పటిదాకా పెంకు లోపలి పొర ద్వారా గాలి అందుతున్న పిల్ల ఊపిరితిత్తులతో పీల్చడానికి మారే టైము.

నీ గుడ్లు పోయింది ఈ రెండో చోట, పైగా తడితడిగా ఉబ్బి ఉన్నాయన్నావు, అది నీళ్లు ఎక్కువైన లక్షణం. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. గుడ్డులోంచి నీరు ఆవిరై పోవాలి, పోకూడదని కాదు! పెట్టిన రోజు బరువులో 18వ రోజుకి నూటికి 12, 13 వంతులు తగ్గితేనే లోపల గాలి గది పెద్దదై పిల్లకి మొదటి ఊపిరి దొరుకుతుంది. తగ్గకపోతే గాలి గది చిన్నగా ఉండిపోతుంది, పిల్ల తిరగలేక, ఊపిరందక పోతుంది. మీ కొల్లేరు వైపు ఆగస్టు గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఉతికిన లుంగీ రెండ్రోజులకి గానీ ఆరదు. బయట 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని 37.5కి వేడి చేస్తే అది దానంతటదే 52, 53 శాతానికి దిగుతుంది, మొదటి 18 రోజులకి మనకి కావాల్సింది 50, 55 మధ్యే. అంటే ఆ నెలలో మీ ఊళ్లో చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు, నువ్వేమో రెండు గిన్నెలు! 18వ రోజు గుడ్లు తిప్పడం ఆపేశాక మాత్రం 65, 70కి పెంచుకోవాలి, నీళ్లకి పని అప్పుడు.

అసలు తేమ చూపించే మీటర్‌ని నమ్మేకంటే తూకాన్ని నమ్ముకో. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. 24 గుడ్లు కలిపి 1080 గ్రాములు ఉన్నాయనుకో, 7వ రోజుకి 54, 55 గ్రాములు తగ్గాలి, 18వ రోజుకి 140 తగ్గి 940 దగ్గరికి రావాలి (మధ్యలో తీసేసిన గుడ్ల బరువు లెక్కలోంచి తియ్యడం మర్చిపోకు, నేను ఒకసారి మర్చిపోయి గుడ్లు ఎండిపోతున్నాయని హడావిడి పడిపోయా). 7వ రోజుకి 30 గ్రాములే తగ్గితే నీళ్లు తీసెయ్, 80 తగ్గితే నీళ్లు పెట్టు, అంతే. అసలు మీటర్ నిజం చెప్తోందా లేదా చూడాలంటే సోడా సీసా మూతలో ఉప్పు పోసి తడిసేంత నీళ్లు చల్లి మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో రాత్రంతా పెట్టు, పొద్దున్నకి 75 చూపించాలి. 82 చూపిస్తే ఏడు ఎక్కువ చెప్తోందని పెట్టె మీద పెన్నుతో రాసి పెట్టుకో. అలాగే 37.5 కదల్లేదన్నావు, కదలనిది సెన్సార్ ఉన్న చోట. జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ నాలుగు మూలలా గుడ్ల మధ్య పెట్టి చూడు, బల్బు పక్క మూల 39 ఉండి దూరం మూల 36 ఉండటం ఇంట్లో చేసిన పెట్టెల్లో కొత్తేం కాదు. వేడి తగ్గడం కంటే పెరగడం ప్రమాదం, తగ్గితే పిల్లలు ఆలస్యంగా వస్తాయి, పెరిగితే చస్తాయి, బతికినవి కూడా ముందే పుట్టి బొడ్డు మూసుకోక నీరసంగా ఉంటాయి.

అన్నట్టు నలభైకి నలభై ఎవరికీ రావు. అన్నీ ఉన్న పెద్ద హేచరీల్లోనే పెట్టిన నూటికి ఎనభై, ఎనభై అయిదు వస్తే బాగా వచ్చినట్టు. నీకు 30 వస్తే నాకు ఫోన్ చేసి స్వీటు పంపు.

ప్రశ్న: సారూ, మాది పెద్దపల్లి దిక్కు. మే నెల ఆఖరుల మా కోడిని 13 గుడ్ల మీద కూసోబెట్టినం. ఒక్క పిల్ల గూడ కాలె, అన్నీ మురిగినయ్. నడుమల రెండు మూడు రాత్రులు ఉరుములు గట్టిగ ఉరిమినయ్, గంపల ఇనుప ముక్క పెట్టకపోతివి అందుకే మురిగినయని మా అవ్వ నన్ను తిడుతున్నది. నిజమేనా?

జవాబు: మీ అవ్వని కాదనే ధైర్యం నాకు లేదు, మా అమ్మమ్మ కూడా గంపలో వరిగడ్డి పరిచి ఒక మూల కొడవలి ముక్క, రెండు బొగ్గులు, నాలుగు ఎండు మిరపకాయలు పెట్టందే కోడిని కూర్చోబెట్టేది కాదు. కానీ ఉరుముకి గుడ్డు మురగదు. మరి ఉరిమినప్పుడే ఎందుకు మురుగుతాయి అంటే, మనకి తొలకరి ఉరుములు వచ్చేది రోహిణి కార్తె ఆఖర్లో, మృగశిరలో. అప్పుడు కోడి కింద ఉన్న గుడ్లు ఎప్పటివి? మే నెల ఎండల్లో పెట్టినవి. అవి ఉరుము వినకముందే పోయాయి.

ఒకటి అడుగుతా, ఆ 13 గుడ్లు ఎన్నాళ్లు పోగేశారు, ఎక్కడ పెట్టారు? నాటుకోడి 13 గుడ్లు పెట్టడానికి రెండు వారాల పైనే పడుతుంది, అంటే మొదటి గుడ్డు కోడి కిందకి వెళ్లేసరికే దానికి పదిహేను రోజులు. కోడి కడుపులోంచి బయట పడేసరికే గుడ్డులో పిండం ఒక రోజు వయసుది, వేల కణాలు అయిపోయి ఉంటాయి. బయట చల్లగా ఉంటే, అంటే ఇంచుమించు 20 డిగ్రీల కిందకి ఉంటే, అది ఎక్కడిదక్కడ ఆగి నిద్రపోతుంది. మీ రేకుల ఇంట్లో మేలో మధ్యాహ్నం 42, తెల్లారుజామున 30. ఆ వేడికి పిండం పూర్తిగా నిద్రపోదు, అలాగని 37.5లో పెరిగినట్టు సక్రమంగానూ పెరగదు, పగలు కొంచెం పెరిగి రాత్రి మందగించి మళ్లీ పెరిగి, పొయ్యి మీద పాలు పెట్టి దించి పెట్టి దించినట్టు. అలా వారం జరిగాక కోడిని కూర్చోబెట్టినా ఉపయోగం లేదు. దాని మీద కోడి ఒంటి వేడికి సూక్ష్మజీవులు పెరిగి గుడ్డు మురుగుతుంది, మీకు కనపడింది ఆ ఆఖరి ముచ్చట.

ఎండాకాలంలో పోగేసిన గుడ్లు వారం దాటనివ్వకండి, వీలైతే అయిదు రోజులే. పెద్ద మట్టి కుండలో సగం దాకా ఇసుక పోసి ఇసుకని తడిపి పైన గోనెపట్టా మడత వేసి దాని మీద గుడ్లు సన్నటి వైపు కిందికి పెట్టి నీడలో పెట్టండి, గుడ్డుకి తడి తగలకూడదు, చల్లదనం తగలాలి. ఫ్రిజ్‌లో పైన పెట్టే గుడ్ల అరలో మాత్రం వద్దు, అక్కడ 4, 5 డిగ్రీలు, అది మరీ చలి. గుడ్డుకి రెట్ట అంటితే కడగొద్దు, పెంకు మీద కంటికి కనపడని సన్న పొర ఉంటుంది, వేల సన్న రంధ్రాలకి అదే కాపలా, కడిగితే పోతుంది, చన్నీళ్లతో కడిగితే ఇంకా ఘోరం, గుడ్డు ముడుచుకుని మురికిని లోపలికి పీల్చుకుంటుంది. ఎండిన రెట్టని వేలితో గీకేస్తే చాలు, మరీ మురికివి కూరకి వాడుకోండి.

ఇంకో మాట, ఉరుముల రాత్రి వాన జల్లుకి గంప తడిసి కోడి లేచిపోతే గుడ్లు చల్లబడటం నిజమే, ఆ వరకు అవ్వ మాట కొంత చెల్లుతుంది. ఇంకోసారి ఇనుప ముక్క పెట్టండి, కుండ కూడా పెట్టండి, ఇద్దరూ గెలుస్తారు.

ప్రశ్న: కిరాణా కొట్లో ట్రే గుడ్లు కొని ఇంక్యుబేటర్‌లో పెడితే పిల్లలు వస్తాయా? మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్ట్.

జవాబు: రావండీ. ఆ గుడ్లు పెట్టే ఫారాల్లో పెట్టలు కేజీల్లో ఉంటాయి, పుంజు అనేదాన్ని అవి పుట్టాక చూసి ఎరగవు. ఊళ్లో పుంజుతో తిరిగే కోడి గుడ్లు ఆరు తెచ్చుకోండి, చాలు.

ప్రశ్న: గురువుగారూ, భీమవరం దగ్గర మాది. జనవరి మొదటి వారంలో 30 గుడ్లు పెట్టా, 7వ రోజు లైట్ కొడితే 26 ఖాళీ, బల్బులా వెలుగుతున్నాయి. అవే పెట్టలు, అదే పుంజు, అక్టోబర్లో నూటికి ఎనభై వచ్చాయి. మెషీన్ పాడైందా?

జవాబు: మీ ఊరు పేరు, జనవరి మొదటి వారం, ఈ రెండూ చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆ పుంజుని ఎప్పుడు విడదీసి కట్టేశారు? నవంబరులోనా, డిసెంబరులోనా? బాదంపప్పు పెట్టి, నీళ్లలో ఈత కొట్టించి, పెట్టల మొహం చూడనివ్వకుండా సంక్రాంతికి సిద్ధం చేస్తుంటారు కదా (పందెం తప్పు అని నేను ఇక్కడ చెప్పినా మీరు వినరు, చట్టం ఎప్పుడో చెప్పింది). పెట్ట ఒకసారి పుంజు దాటాక ఆ విత్తనాన్ని లోపల దాచుకుని పదిరోజులు, రెండు వారాల దాకా పొదిగే గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత గుడ్లు వస్తూనే ఉంటాయి గానీ ఖాళీవి. ఆ మిగిలిన నాలుగు గుడ్లు బహుశా పక్కింటి పుంజు పుణ్యం.

మెషీన్‌ది తప్పయితే గుడ్డు ఖాళీగా ఉండదండీ, చచ్చిన గుర్తు ఉంటుంది. అనుమానం ఉంటే పెట్టిన రోజు తాజా గుడ్డు ఒకటి కూరకని పగలగొట్టినప్పుడే చూడండి. పచ్చసొన మీద తెల్ల చుక్క చిన్నగా, అంచులు చెదిరి, గట్టిగా తెల్లగా ఉంటే పుంజు దాటలేదు. అదే కొంచెం పెద్దదై మధ్యలో పల్చగా, చుట్టూ గారెలా గుండ్రంగా ఉంటే దాటింది. మళ్లీ పుంజుని కలిపాక రెండో రోజు నుంచే కొన్ని మంచి గుడ్లు పడతాయి, కానీ వారం పది రోజులు ఆగి పోగేస్తే మేలు. ఒక్క పుంజుకి ఎనిమిది, పది పెట్టల కంటే ఎక్కువ వదలకండి. పందెం నుంచి దెబ్బలతో తిరిగొచ్చిన పుంజుని వెంటనే పెట్టల్లోకి తోలితే అది కూడా దండగే, పాపం దానికి నిలబడే ఓపిక ఉండదు.

ప్రశ్న: సార్ మేం కర్నూలు. 20వ రోజు తొమ్మిది గుడ్లకి చిన్న కన్నం పడింది, లోపల్నుంచి కీచుకీచుమని అరుపులు, నాలుగైదు గంటలు చూసినా ఇంకేం జరగలేదు, పాపం ఊపిరాడట్లేదేమో అని నేనే పెంకు ఒలిచి బయటికి తీశా. నాలుగు రక్తం కారి చనిపోయాయి, రెండింటికి కడుపు కింద పచ్చసొన వేలాడుతోంది. చాలా బాధగా ఉంది. నేనే చంపేశానా?

జవాబు: అమ్మా, నీకంటే ఎక్కువ నేను చంపాను, ముందు అది విను. నేను పెట్టె కొన్న మొదటి ఏడాది 30 గుడ్లు సరిగ్గా కన్నాలు పడే రోజుకి మా చుట్టాలు వచ్చారు, వచ్చినవాళ్లకల్లా మూత తీసి చూపించా, ఆ సాయంత్రం ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు. తెల్లారి చూస్తే తొమ్మిది పిల్లలు ముక్కులు బయటపెట్టి అలాగే ఉన్నాయి, లోపలి పొర ఎండిపోయి ప్లాస్టిక్ కవర్ చుట్టినట్టు ఒంటికి పట్టేసింది, కదల్లేక పోయాయి. మూత ఒక్కసారి తీస్తే లోపలున్న తేమంతా ఒక్క ఊపున బయటికి పోతుంది, మీ కర్నూలు లాంటి పొడి ఊళ్లో మరీ.

కన్నం పడ్డాక పిల్ల అలా ఊరికే ఉన్నట్టు కనపడే ఆ టైమే దానికి అసలు పని టైము. బయట వేలాడే పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది, పొర మీద నాళాల్లో ఉన్న రక్తాన్ని ఒంట్లోకి తీసుకుంటుంది, ఊపిరి అలవాటు చేసుకుంటుంది. దీనికి 12 గంటలు పట్టొచ్చు, 24 కూడా పట్టొచ్చు. ఆ పని అయ్యాకే గుడ్డు లోపల గుండ్రంగా తిరుగుతూ పెంకు చుట్టూ కోసుకుంటూ వచ్చి టోపీలా తన్నేస్తుంది. నువ్వు నాలుగో గంటకే ఒలిచావు, నాళాల్లో రక్తం ఇంకా అక్కడే ఉంది, అందుకే కారింది.

ఇంకెప్పుడూ చెయ్యి పెట్టకూడదా అంటే, కన్నం పడి 24 గంటలు దాటి, పొర తడి లేకుండా కాగితంలా గోధుమరంగుకి తిరిగిపోతే అప్పుడు ఇయర్‌బడ్‌ని గోరువెచ్చటి నీళ్లలో ముంచి ముక్కుకి తగలకుండా ఆ పొర మాత్రం తడిపి రవ్వంత పెంకు తియ్యి. ఎర్ర గీత ఒక్కటి కనపడినా ఆపేసి మళ్లీ లోపల పెట్టెయ్. ముందు పుట్టిన పిల్లల్ని బయటికి తియ్యాలన్న తొందర కూడా వద్దు, కడుపులోకి తీసుకున్న పచ్చసొన మీద అవి రెండు రోజులు మేత లేకపోయినా ఢోకా లేకుండా ఉంటాయి. ఆ మూత మీద నేను తాటికాయంత అక్షరాలతో చెయ్యి పెట్టొద్దు అని రాసుకున్నా, ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: చిత్తూరు జిల్లా నుంచి రాస్తున్నా. మా గుడ్లలో పిల్లలు మొదట్లో కాదు, చివర్లో కాదు, సరిగ్గా మధ్యలో 10, 12 రోజులకి పోతున్నాయి. కొన్నింటికి నూగు ముడతలు పడి ముళ్లలా ఉంది. కోళ్లని ఈ మధ్యే షెడ్డులో పెట్టాం, నూకలు, తవుడు పెడతాం.

జవాబు: ఇది పెట్టెలో తప్పు కాదు, పళ్లెంలో తప్పు. మధ్య వారంలో మామూలుగా చావులు బాగా తక్కువ ఉండాలి, అక్కడ గుంపుగా పోతున్నాయంటే ముందు తల్లికోడి మేత చూడాలి. నూగు ముళ్లలా ముడుచుకోవడం బి2 విటమిన్, అదే రైబోఫ్లావిన్, తక్కువైన గుర్తు. బయట తిరిగినన్నాళ్లూ ఆకు, గడ్డి, పురుగు ఏరుకుని తిని అవే సర్దుకున్నాయి, షెడ్డులో పెట్టి నూకలు పోస్తే గుడ్డు పెంకు, సొన అన్నీ బానే ఉంటాయి, లోపల పిల్లకి కట్టిన చద్దిలో సరుకు ఉండదు. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) గానీ బ్రీడర్ దాణా (పొదిగే గుడ్ల కోసం పెంచే కోళ్ల మేత) గానీ పెట్టి, మునగాకు, అవిశాకు వేలాడదీసి, పశువుల మందుల షాపులో దొరికే బి కాంప్లెక్స్ నీళ్లలో కలిపి, రెండు మూడు వారాలు ఆగాక పడిన గుడ్లు పెట్టండి. మిగిలిపోయిందని బ్రాయిలర్ దాణా మాత్రం గుడ్ల కోళ్లకి పొయ్యకండి, కొన్నింట్లో రక్తపారుడు రాకుండా నికార్బజిన్ అనే మందు కలుపుతారు, అది తిన్న పెట్టల గుడ్లు పొదగడం బాగా తగ్గిపోతుంది.

ప్రశ్న: అన్నగారూ, డాలస్ దగ్గర ఉంటాం, పెరట్లో కోళ్లు పెంచుకోడానికి పర్మిషన్ ఉంది. డిసెంబర్లో పోస్ట్‌లో 12 గుడ్లు తెప్పించి ఫ్యాన్ ఉన్న చిన్న ఇంక్యుబేటర్‌లో 99.5 ఫారన్‌హీట్‌లో పెట్టాం. రెండే వచ్చాయి. లైట్ కొట్టినప్పుడు కొన్నింట్లో గాలి బుడగ అటూ ఇటూ కదులుతోంది. ఊళ్లో మా అమ్మ గంపలో పెడితే పదికి తొమ్మిది వచ్చేవి!

జవాబు: అమ్మతో పోటీ పెట్టుకోకండి బాబూ, ఆవిడ గుడ్లు గూట్లోంచి గంపలోకి పది అడుగులు ప్రయాణం చేశాయి, మీవి లారీలూ విమానాలూ ఎక్కి వచ్చాయి. ఆ కుదుపులకి లావు వైపు గాలి గది పొర ఊడిపోయి బుడగ మేస్త్రీ రసమట్టంలో బుడగలా ఏ వైపు వంచితే ఆ వైపుకి పోతుంది. అలాంటివి రాగానే మెషీన్‌లో పెట్టెయ్యకుండా సన్నటి వైపు కిందికి పెట్టి ఒక రోజంతా గదిలో కదపకుండా ఉంచండి, పెట్టాక కూడా మొదటి రెండు మూడు రోజులు తిప్పకండి, నిలబెట్టే ఉంచండి. పోస్టు గుడ్లలో సగం వస్తే నేనైతే సంతోషపడతా.

రెండోది మీ డిసెంబరు గాలి. కైకలూరు తమ్ముడికి పైన చెప్పిన లెక్కే ఇక్కడ తిరగబడుతుంది. హీటర్ వేసిన ఇంట్లో 20 డిగ్రీలు, 30 శాతం తేమ ఉందనుకోండి, ఆ గాలి ఇంక్యుబేటర్‌లో 37.5కి వేడెక్కితే 11 శాతమే మిగులుతుంది. ఎడారి. నీళ్ల అర పూర్తిగా నింపడమే కాదు, స్పాంజి ముక్క నిలబెట్టి ఆవిరయ్యే చోటు పెంచాలి. ఆయనకి నీళ్లు తీసెయ్యమన్నా, మీకు పొయ్యమంటున్నా, తూకం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇంకోటి, 99.5 అనేది ఫ్యాన్ ఉన్న మెషీన్‌కే. ఫ్యాన్ లేనిదైతే వేడి పైనా కిందా తేడాగా ఉంటుంది కాబట్టి గుడ్డు పైభాగం దగ్గర 101, 102 ఉండాలి, మీ స్నేహితులెవరైనా అలాంటిది వాడుతూ మీ సెట్టింగ్ అడిగితే చెప్పెయ్యకండి.

ప్రశ్న: హైదరాబాద్ అల్వాల్‌లో మేడ మీద జపనీస్ బాంటమ్ (పొట్టి కాళ్ల బుల్లి కోళ్ల జాతి) జత పెంచుతున్నాం, ఎన్నిసార్లు పెట్టినా పావు వంతు గుడ్లు పోతూనే ఉన్నాయి. పుట్టినవాటిలో కూడా కొన్నింటికి కాళ్లు పొడుగు. మోసపోయామా?

జవాబు: మోసం లేదు, ఆ జాతి లెక్కే అది. ఆ ముద్దొచ్చే పొట్టి కాళ్లు ఇచ్చే జన్యువు ఒకటి వస్తే పొట్టి కాళ్లు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రెండూ వస్తే పిల్ల గుడ్డులోనే పోతుంది. పొట్టిదాన్నీ పొట్టిదాన్నీ కలిపితే నాలుగింట ఒకటి చావు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు కాళ్లది. పొడుగు కాళ్లవాటిని అమ్మెయ్యకుండా పొట్టిదానితో జత కట్టండి, ఆ చావు ఉండదు, పిల్లలు సగం పొట్టివి సగం పొడుగువి వస్తాయి.

ప్రశ్న: ఇవాళ 22వ రోజు. 20 గుడ్లలో 11 వచ్చాయి, మిగతావాటిలో ఒక్కదానికీ కన్నం పడలేదు. ఎన్నాళ్లు ఉంచాలి?

జవాబు: గుడ్లు ఎక్కువ రోజులు నిల్వ ఉన్నా గానీ, మెషీన్ అర డిగ్రీ చల్లగా నడిచినా గానీ 22, 23వ రోజు కూడా కొన్ని వస్తాయి, ఇవాళ తియ్యకండి. చెవి దగ్గర పెట్టుకుని వినండి, టిక్ టిక్ మని ముక్కు గోకే చప్పుడు గానీ సన్నటి కీచు గానీ వస్తే వెంటనే లోపల పెట్టెయ్యండి. ఊళ్లలో గోరువెచ్చటి నీళ్లలో వేసి కదిలితే బతికున్నట్టు అంటారు, బతికున్న పిల్ల తన్నితే గుడ్డు ఊగడం నేనూ చూశా, కానీ వెంట్రుకంత చీలిక ఉన్నా నీళ్లు లోపలికి పోయి బతికున్నది చస్తుంది, అందుకని టార్చ్ కొట్టి చీలిక లేదని ఖాయం చేసుకుంటే తప్ప ఆ పని వద్దు. చెమట పట్టినట్టు జిగురు కారుతున్నదీ, వాసన కొడుతున్నదీ మాత్రం ఈ క్షణమే తీసి దూరంగా పాతిపెట్టండి, అది లోపల పేలిందంటే మిగతా వాటి మీద కూడా పడుతుంది. 23 దాటాక మెట్ల మీదకి తెచ్చుకుని, తువ్వాలు కట్టుకుని, లావు వైపు నుంచి ఒకటొకటే ఒలవండి, ఏ గుడ్డులో ఏం కనపడిందో రాసి పంపండి, వచ్చే నెల అక్కణ్ణించి మాట్లాడుకుందాం.